మెమరీ కార్డు పెంచేది ఏమిటి?

విజయవాడ నుండి హైదరాబాదు పోయే జాతీయ రహదారి మీద, నందిగామకు ఇవతల, కంచికచర్ల ఉన్నది. ప్రత్తి, మిర్చి పండించే చుట్టుపట్ల మెట్ట గ్రామాలకు ఇది కూడలి. ఇప్పటికి పది పదిహేనేళ్ళ క్రిందట ఇటువంటి కూడళ్ళలో సెల్‌ఫోను దుకాణం ముందు ఒక బల్ల, బల్లమీద ఒక కంప్యూటరు, ప్రక్కన "పాటలు ఎక్కించబడును" అనే అట్ట కనిపించేవి. పొలం పనికి పోయేవాడు గోరంత కార్డును దుకాణదారు చేతిలో పెట్టి, పదో ఇరవయ్యో రూపాయలిచ్చి, వందల పాటలు ఎక్కించుకొని పోయేవాడు. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు ప్రారంభమై, ఇంటర్నెట్ చౌక అయిన తరువాత ఆ బల్లలు క్రమంగా మూలబడినవి.

కార్డు మాత్రం పోలేదు. దాని ఉద్యోగం మారినది. వెనుక అది పాటల పెట్టె. నేడు అది నిండిపోయిన ఫోనుకు మందు. "ఫోను నిండిపోయిందండీ, ఫోటో తీయనివ్వడం లేదు" అని ఒకరు మొర పెట్టుకుంటే, "ఒక కార్డు వేయించండి, మెమరీ పెరుగుతుంది" అని మరొకరు చెప్పడం సర్వసాధారణమైనది. ఫోను డబ్బామీద తయారీదారు కూడా ఇదే మాటను "విస్తరింపదగిన మెమరీ" అని అచ్చు వేస్తున్నాడు.

ఈ మాటలో నిజమెంత, భ్రమ ఎంత? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కనిపించవచ్చును. కాని ఆ గోరంత కార్డులో ఉండేది ఏమిటో ఆలోచిస్తే దాని బరువు తెలుస్తుంది. ఉపాధ్యాయుడు సంవత్సరమంతా శ్రమపడి తయారుచేసుకున్న పాఠాల చిత్రాలు, పదవ తరగతి విద్యార్థి నోట్సు ఫోటోలు, పోయిన తాతగారి గొంతు, ఆడపిల్ల పెండ్లి బొమ్మలు—ఇవన్నీ అందులో చేరుతున్నవి. ఒక తప్పుమాటను నమ్మడంవల్ల ఇవి పోతే తిరిగి రావు. కనుక ఆ మాటను పరీక్షించవలసి ఉన్నది.

మూడు అర్థాలుగల ఒక మాట

మొదటి చిక్కు "మెమరీ" అనే పదంలోనే ఉన్నది. ఫోనుకు సంబంధించినంతవరకు ఈ ఒక్క పదం మూడు వేర్వేరు వస్తువులకు వాడుకలో ఉన్నది.

అవధానం చూచినవారికి "ధారణ" అనే మాట తెలుసు. పృచ్ఛకులు అడిగినవన్నీ అవధాని ఆ సభ జరుగుతున్నంతసేపు మనసులో నిలుపుకుంటాడు. ఫోనులో ర్యామ్ అనేది ఇటువంటి ధారణ. తెరమీద నడుస్తున్న పనికి కావలసిన సమాచారాన్ని అది అప్పటికి పట్టి ఉంచుతుంది. కరెంటు తీసివేస్తే అందులోనిది మాసిపోతుంది. రెండవది ఫోను లోపలే అతికించి ఉన్న శాశ్వత నిల్వ. ఇది అవధాని ఇంట ఉన్న గ్రంథాల బీరువా వంటిది. ఫోను ఆర్పినా అందులోనివి ఉంటవి. మూడవది బయటినుండి తెచ్చి దూర్చే కార్డు. ఇది చేతిసంచిలో మోసుకొని తిరిగే పుస్తకాల కట్ట.

చేతిసంచిలో ఎన్ని పుస్తకాలు పెట్టినా అవధాని ధారణాశక్తి పెరగదు. అదేవిధంగా ఎంత పెద్ద కార్డు వేసినా ఫోను ర్యామ్ పెరగదు. "ఫోను మెల్లగా నడుస్తున్నది, కార్డు వేస్తే చురుకవుతుంది" అనే ఆశకు ఆధారం లేదు. అంతర్గత నిల్వ పూర్తిగా నిండినప్పుడు ఫోను మందగిస్తుంది కనుక, అందులోని బొమ్మలను కార్డుకు తరలించి కొంత ఖాళీ చేస్తే కాస్త తేలికపడే మాట నిజమే. ఆ మేలు జరిగినది ఇల్లు ఖాళీ చేసినందువల్ల. ఆ ఖాళీ చేయడానికి కార్డు ఒక సాధనం మాత్రమే.

కార్డులో ఏమున్నది?

కార్డును నిందించే ముందు దానికి దక్కవలసిన మెప్పు దక్కవలెను. 15 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందం—ఇంతే మైక్రో ఎస్‌డీ కార్డు కొలత. ఇందులో కదిలే భాగం ఒక్కటీ లేదు. అయస్కాంతంవల్ల టేపు చెడిపోతుంది, ఫ్లాపీ చెడిపోతుంది. కార్డుకు ఆ భయం లేదు.

దీనికి మూలమైన భావన 1967 నాటిది. ఆ సంవత్సరం అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో దావన్ కాంగ్, సైమన్ సే అనే శాస్త్రజ్ఞులు ఒక క్రొత్తరకం ట్రాన్సిస్టరును ప్రతిపాదించారు. అందులో చుట్టూ విద్యుద్బంధకపు పొర కప్పిన ఒక చిన్న గది ఉంటుంది. అధిక వోల్టేజి ప్రయోగించి ఎలక్ట్రానులను ఆ గదిలోకి పంపితే, కరెంటు తీసివేసిన తరువాత కూడా అవి అక్కడే చిక్కుకొని ఉంటవి. గదిలో ఎలక్ట్రానులు ఉన్నవా లేవా అనేదే ఒకటి, సున్న అనే రెండు గుర్తులకు మూలం. ఈ సూత్రంపై జపానులోని తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా 1984లో "ఫ్లాష్" మెమరీని, 1987లో నేటి కార్డులలో వాడే "నాండ్" రకాన్ని లోకానికి చూపించారు. సమాచారం ఒక్కసారిగా చెరిగిపోయే తీరు కెమెరా ఫ్లాష్ మెరుపును గుర్తుకు తెచ్చినందున ఆ పేరు వచ్చినది. 1999లో సాన్‌డిస్క్, మత్సుషిటా, తోషిబా కలిసి ఎస్‌డీ కార్డును ప్రకటించినవి. దాని చిన్న తమ్ముడు మైక్రో ఎస్‌డీ 2005లో ప్రమాణంగా అంగీకరించబడినది.

ఇక్కడ విద్యార్థులు ఒక సంగతి గమనించవలెను. ఫోను లోపలి శాశ్వత నిల్వ కూడా ఇదే నాండ్ ఫ్లాష్‌తో చేసినదే. పదార్థం ఒకటే. అటువంటప్పుడు తేడా ఎక్కడ? దానిని నడిపించే నియంత్రకంలోను, సమాచారం వచ్చిపోయే దారిలోను ఉన్నది. వ్యత్యాసమంతా అక్కడే పుట్టుతున్నది.

ఫ్లాష్‌కు పుట్టుకతో వచ్చిన రెండు బలహీనతలు కూడా తెలిసి ఉండవలెను. మొదటిది, దానిమీద ఒక్క అక్షరాన్ని మాత్రం చెరిపి వ్రాయడం సాధ్యం కాదు. పలకమీద ఒక మాట మార్చడానికి పలకంతా చెరపవలసి వస్తే ఏమి చేస్తాము? మిగిలిన మాటలను ముందుగా మరొక పలకకు ఎత్తి వ్రాసి, అప్పుడు ఇది చెరుపుతాము. కార్డులోని నియంత్రకం చేసేది అదే పని. రెండవది, చెరిపి వ్రాసిన ప్రతిసారి ఆ విద్యుద్బంధకపు పొర కొంచెం అరుగుతుంది. ఒక గదిలో ఒకే గుర్తు దాచే పాతకాలపు ఖరీదైన ఫ్లాష్ సుమారు లక్ష పర్యాయాలు తట్టుకునేది. నేటి చౌక కార్డులలో ఒక్కొక్క గదిలో మూడు గుర్తులు కుక్కుతారు. అందుకు ఎనిమిది వేర్వేరు విద్యుత్ మట్టాలను గుర్తు పట్టవలెను. ఒకే కుండమీద ఎనిమిది గీతలు గీసి నీటిమట్టం చదవడం వంటిది ఇది. గీతల మధ్య ఎడం తగ్గినకొద్దీ, కొద్దిపాటి కారుడుకే లెక్క తప్పుతుంది. కనుక వాటి ఓర్పు కొన్ని వేల పర్యాయాలకు, ఒక్కొక్కప్పుడు అంతకు తక్కువకు దిగినది.

పాటలు ఒకసారి ఎక్కించి వందసార్లు వినేవానికి ఈ అరుగుదలతో పనిలేదు, ఎందుకంటే చదవడంవల్ల అరుగుదల దాదాపు లేదు. మాటిమాటికి వ్రాసే పనికి కార్డును పెట్టినప్పుడే ఆయుష్షు ప్రశ్న లేస్తుంది. పాటల దుకాణం నాటి కార్డుకు, నేటి కార్డుకు మధ్య వచ్చిన మార్పు సరిగా ఇదే.

64 ఎందుకు 59 అయినది?

కార్డు కొన్నవారికి కలిగే మొదటి అనుమానం కొలతను గురించి. కవరుమీద 64 గిగాబైట్లు అని ఉంటుంది. తీసుకుపోయి కంప్యూటరులో పెడితే 59 చిల్లర చూపిస్తుంది. దుకాణదారు మోసగించాడని కొందరు తగాదాకు దిగుతారు. ఇక్కడ మాత్రం అతడు నిర్దోషి.

తయారీదారు గిగాబైటును 1,00,00,00,000 బైట్లుగా లెక్కిస్తాడు. చాలా కంప్యూటర్లు అదే మాటకు 2ను 30 పర్యాయాలు గుణించగా వచ్చిన సంఖ్యను, అనగా 1,07,37,41,824 బైట్లను, ప్రమాణంగా తీసుకుంటవి. 64 వందకోట్లను ఈ రెండవ సంఖ్యతో భాగిస్తే 59.6 వస్తుంది. ఈ గందరగోళాన్ని తీర్చడానికి అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం 1998లోనే రెండవదానికి "గిబిబైటు" అని వేరే పేరు పెట్టినది. పేరు పుట్టి పాతికేళ్ళు దాటినా వాడుకలోకి సరిగా రాలేదు. ఘాతాంకాలు చెప్పే గణితోపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

కొలతలో తేడా ఉన్నది గాని మోసం లేదు. వేగం విషయంలో అంత సులువుగా తీర్పు చెప్పలేము.

వేగమనే మాటలోని మాయ

కార్డు కవరుమీద "సెకనుకు 100 మెగాబైట్లు" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అబద్ధం కాదు. అయితే అది ఒక పెద్ద ఫైలును మొదటినుండి చివరివరకు వరుసగా చదివినప్పటి వేగం. సినిమా చూడడానికి, పాట వినడానికి ఈ కొలత సరిపోతుంది. యాప్ నడిచే తీరు వేరు. అది ఇక్కడ ఒక ముక్క, అక్కడ ఒక ముక్క, చిన్నచిన్న తునకలను వందల సంఖ్యలో చదువుతూ వ్రాస్తూ ఉంటుంది. పుస్తకాన్ని వరుసగా చదవడానికి, నిఘంటువులో వంద పదాలు వెతకడానికి ఉన్నంత భేదం ఇది.

ఎస్‌డీ సంఘం ఈ భేదాన్ని గుర్తించి, 2016లో యాప్‌లకోసం "ఏ1" అనే తరగతిని ఏర్పరచినది. ఏ1 గుర్తు ఉన్న కార్డు సెకనుకు కనీసం 1500 చిన్న చదువులు, 500 చిన్న వ్రాతలు చేయగలగవలెను. ఒక్కొక్క తునక సుమారు 4 కిలోబైట్లు. ఇప్పుడు లెక్క కట్టి చూడండి: 500ను 4తో గుణిస్తే 2000 కిలోబైట్లు, అనగా సెకనుకు సుమారు 2 మెగాబైట్లు. కవరుమీద 100, చెదురుమదురు వ్రాతలకు ఇచ్చే హామీ 2. తరువాత వచ్చిన "ఏ2" తరగతిలో 4000 చదువులు, 2000 వ్రాతలు అన్నారు గాని, ఆ వేగం అందాలంటే కార్డుతోపాటు ఫోను కూడా ఆ ప్రమాణాన్ని ఎరిగి ఉండవలెను. ఎక్కువ ఫోనులలో కార్డుకున్న దారి కూడా ఇరుకే. సెకనుకు 104 మెగాబైట్లకు మించి పోనివ్వదు. లోపలి నిల్వకు అంతకంటె విశాలమైన దారులు ఉన్నవి. క్రొత్తరకం ఫోనులలో రాకకు ఒకటి, పోకకు ఒకటి, వేరే దారులు కూడా ఉన్నవి.

కార్డుపైకి యాప్‌లు తరలించినవారు "ఫోను బరువెక్కినది" అని చెప్పడానికి కారణమిది. యాప్ చెడిపోలేదు, ఫోను చెడిపోలేదు. పెద్ద రోడ్డుమీద నడవవలసిన బండిని పొలం గట్టుమీదకు ఎక్కించారు.

కలిపివేసే ప్రయత్నం

విమర్శలో ముఖ్యమైన భాగం ఇక్కడ ఉన్నది. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోను లోపలి నిల్వ 256 మెగాబైట్లు మాత్రమే. కార్డు లేకపోతే దానికి గడవదు. 2010లో యాప్‌లలో కొంత భాగాన్ని కార్డుకు తరలించే సదుపాయం ఇచ్చారు. 2013లో ఆండ్రాయిడ్ 4.4 వచ్చినప్పుడు, యాప్‌లు కార్డుమీద ఎక్కడపడితే అక్కడ వ్రాయకుండా కట్టడి చేశారు. 2015లో ఆండ్రాయిడ్ 6తో ఇంకొక దారి తెరిచారు. కార్డును ఫోను "దత్తత" చేసుకొని, తన లోపలి నిల్వలో ఒక భాగంగా చూచుకొనే పద్ధతి అది. అప్పుడు ఎంత లోపలిది, ఎంత కార్డుది అనే చింత వాడుకరికి ఉండదని రూపకర్తల ఉద్దేశం.

ఉద్దేశం మంచిదే. కాని దత్తత చేసుకున్న క్షణంలో ఫోను ఆ కార్డును పూర్తిగా చెరిపి, తరువాత అందులో చేరే సమాచారాన్నంతా గూఢలిపిలోకి మారుస్తుంది. ఆ లిపి విప్పే తాళపుచెవి ఆ ఫోనులోనే ఉంటుంది, మరెక్కడా ఉండదు. కార్డును తీసి మరొక ఫోనులో పెడితే అది ఖాళీ కార్డు క్రిందనే లెక్క. ఫోను పోయినా, పగిలినా, కొన్ననాటి స్థితికి మార్చివేసినా, కార్డు చెక్కుచెదరకుండా చేతిలో ఉండి కూడా అందులోనిది చదవడానికి వీలుండదు.

ఈ ప్రాంతపు మిర్చి రైతుకు ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. శీతల గిడ్డంగిలో బస్తాలు పెట్టినవాడు రసీదు భద్రంగా దాచుకుంటాడు. ఎందుకు? సరుకు ఒకచోట, దానిమీద హక్కు మరొకచోట ఉన్నవి గనుక. రసీదుకు నకలైనా తీయించుకోవచ్చును. దత్తత కార్డు తాళపుచెవికి సామాన్యునికి అందే నకలు లేదు.

మామూలు పద్ధతిలో, అనగా దత్తత చేయకుండా వాడిన కార్డు గుణం వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి నందిగామ వద్ద రహదారిమీదికి నీరు వచ్చినది. అదే సమయంలో బుడమేరు విజయవాడను ముంచినది. అటువంటి వరదలో ఫోను నీట మునిగి తిరిగి వెలగకపోయినా, అందులోని మామూలు కార్డును తీసి తుడిచి, బాగా ఆరనిచ్చి మరొక ఫోనులో పెడితే బొమ్మలు దక్కే అవకాశం చాలావరకు ఉన్నది. ఫోనునుండి విడివడి బ్రతకగలగడమే కార్డుకున్న అసలైన సుగుణం. దత్తత పద్ధతి సరిగా ఆ సుగుణాన్నే తీసివేసినది. వేగంలో వెనుకబాటు అట్లాగే ఉండగా, విడిగా బ్రతికే శక్తి పోయినది. రెండింటి లోపాలను ఒకచోట చేర్చినట్లయినది.

ఈ పద్ధతిని అందరు తయారీదారులు ఒప్పుకోలేదు. శామ్‌సంగ్ మున్నగు సంస్థలు తమ ఫోనులలో ఈ సదుపాయాన్ని చూపించలేదు. ఆ నిర్ణయం వాడుకరికి మేలే చేసినదని చెప్పవలెను. రెండు భిన్నమైన నిల్వల మధ్య ఉన్న తేడాను కనబడకుండా చేయడం సౌకర్యమనిపించుకోదు. తేడా తెలిసినవాడే ఏ వస్తువు ఎక్కడ పెట్టవలెనో నిర్ణయించుకోగలడు.

గది మూసిన తయారీదారులు

దీనికి పూర్తిగా ఎదురుదిక్కున మరొక వైఖరి ఉన్నది: అసలు కార్డుకు చోటే ఇవ్వకపోవడం. 2007లో వచ్చిన మొదటి ఐఫోను నుండి ఏ ఐఫోనుకూ కార్డు గది లేదు. శామ్‌సంగ్ తన గెలాక్సీ ఎస్ వరుసలో 2015లో గది తీసివేసి, 2016లో తిరిగి పెట్టి, 2021లో మళ్ళీ తీసివేసినది. చౌకరకం ఫోనులలో గది ఉన్నా, చాలావాటిలో రెండవ సిమ్ము కావాలో, కార్డు కావాలో ఏదో ఒకటి తేల్చుకోవలసి ఉంటుంది.

గది తీసివేయడానికి వేగం, లోపలి జాగా, నీరు చొరకుండా మూయడం కారణాలుగా చెప్పబడుతున్నవి. వేగం మాట ఇంతకుముందే చూచాము, అందులో బలమున్నది. జాగా మాట కూడా కొట్టివేయదగినది కాదు. నీటి మాట మాత్రం నిలవదు. 2016 నాటి గెలాక్సీ ఎస్7 నీటిని తట్టుకునే ఐపీ68 ప్రమాణాన్ని అందుకుంటూనే కార్డు గదిని కూడా ఉంచుకున్నది. చెప్పని కారణం మరొకటి ఉన్నది. ఒకే ఫోనును 128, 256, 512 గిగాబైట్లంటూ మెట్లు కట్టి, మెట్టు మెట్టుకు వేల రూపాయలు పెంచి అమ్మేవారికి, కొద్దిపాటి ఖర్చుతో ఆ పని తీర్చే గది ఎదురు వస్తుంది. సాంకేతిక కారణంతోపాటు వ్యాపార కారణం కూడా ఉన్నదని గ్రహించడానికి ఇంతకు మించిన రుజువు అక్కరలేదు.

కార్డుకు బదులుగా చూపే ప్రత్యామ్నాయం ఇంటర్నెట్ నిల్వ. దానికీ హద్దులున్నవి. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1న అపరిమితమైన ఉచిత నిల్వను ఆపివేసినది. ఉచితంగా దక్కేది 15 గిగాబైట్లు, అదికూడా ఉత్తరాలు, దస్తావేజులు, బొమ్మలు అన్నిటికీ కలిపి. ఇంటర్నెట్ అందని చోట ఆ నిల్వ ఉండీ లేనట్లే. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు ట్యాబులు ఇవ్వడం ప్రారంభించినప్పుడు, ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకునేట్లు పాఠాలను ముందుగానే వాటిలో ఎక్కించి ఇచ్చినది అందుకే. పాఠం విద్యార్థి చేతిలోనే ఉండవలెననే అవసరం ఇంకా తీరిపోలేదు. ఒకసారి ఎక్కించి, పలుసార్లు చదివే ఇటువంటి పనికి కార్డును మించిన చౌక సాధనం లేదు.

పేరుకు కొండంత, లోపల గోరంత

ఇక దొంగ కార్డుల సంగతి. సంతలలోను, ఆన్‌లైను అంగళ్ళలోను నమ్మలేనంత చౌకగా వందల గిగాబైట్ల కార్డులు దొరుకుతవి. వాటిలో కొన్నిటి లోపల ఉండేది 8 గిగాబైట్లో, 16 గిగాబైట్లో. నియంత్రకంలోని ప్రోగ్రామును మార్చి, ఫోను అడిగినప్పుడు "నా సామర్థ్యం 256" అని అబద్ధం చెప్పిస్తారు. ఫోను ఆ మాట నమ్ముతుంది. అసలు జాగా నిండేవరకు అంతా సవ్యంగానే ఉంటుంది. ఆ తరువాత వ్రాసేది పాతదాని మీద పడుతుంది, లేదా గాలిలో కలుస్తుంది. ఫైళ్ళ పేర్లు మాత్రం పట్టికలో వరుసగా కనిపిస్తూనే ఉంటవి. పుస్తకానికి విషయసూచిక ఉండి పుటలు లేనట్లన్నమాట. కొన్నవానికి ఈ సంగతి నెలల తరువాత, బొమ్మ తెరిచినప్పుడు తెలుస్తుంది.

దీనిని పట్టుకోవడానికి పాఠశాల కంప్యూటరు గదిలో చేయదగిన పరీక్ష ఒకటి ఉన్నది. క్రొత్తగా కొన్న ఖాళీ కార్డును కంప్యూటరుకు తగిలించి, ఒకటి, రెండు, మూడు అని సంఖ్యలు వేసిన, వేర్వేరు విషయం గల ఫైళ్ళతో అంచులదాకా నింపవలెను. తరువాత కార్డును తీసి, మరల పెట్టి, ప్రతి ఫైలును మొదటి ప్రతితో పోల్చవలెను. ఏ సంఖ్య దగ్గరనైనా పోలిక తప్పితే, కార్డు చెప్పుకున్న సామర్థ్యం నిజం కాదన్నమాట. ఈ పనిని తానే చేసే ఎఫ్3 వంటి ఉచిత ప్రోగ్రాములు కూడా ఉన్నవి. ఒక ప్రకటనను నమ్మే ముందు దానిని కొలిచి చూడడం ఎట్లాగో విద్యార్థికి ఈ పరీక్ష నేర్పుతుంది. సైన్సు పాఠానికి ఇంతకంటె ఏమి కావలెను?

ముగింపు

ఇంతకూ కార్డు పెంచేది ఏమిటి? ర్యామ్‌ను పెంచదు. వేగాన్ని పెంచదు. యాప్‌లకు మంచి ఇల్లు కాజాలదు. నిత్యం ఫోనును నింపే వాట్సాప్ బొమ్మలు కూడా ఆండ్రాయిడ్‌లో లోపలి నిల్వలోనే చేరుతవి. కార్డుకు చేర్చాలంటే మనిషే పూనుకొని తరలించవలెను. కార్డు పెంచేది ఒక్కటే—దాచుకునే చోటు. ఆ చోటు ఫోనుకు ప్రక్కన ఉన్న కొట్టు, ఫోనులో మరొక గది కాదు. "మెమరీ పెరుగుతుంది" అనే మాటకు బదులు "విడిగా ఒక కొట్టు వస్తుంది" అని దుకాణదారు చెప్పినట్లయితే సగం నష్టాలు తప్పేవి.

ఆ కొట్టులో ఏమి పెట్టవలెనో ఇప్పుడు తేలికగా నిర్ణయించవచ్చును. పాటలు, పాఠాలు, పాత ఫోటోలు, వీడియోలు, అనగా ఒకసారి వ్రాసి పలుమార్లు చూచేవి, పెట్టవచ్చును. యాప్‌లు పెట్టరాదు. దత్తత చేయరాదు. వ్రాత సాగుతుండగా కార్డును లాగరాదు. ముందు ఫోనుకు చెప్పి విడిపించవలెను. నమ్మకమైన చోట, రసీదుతో కొనవలెను. అన్నిటికంటె ముఖ్యంగా, ఫోనునుండి కార్డుకు "తరలించడం", కార్డులోకి "ప్రతి తీయడం" అనే రెండు పనుల భేదం ఎరిగి ఉండవలెను. తరలించినప్పుడు వస్తువు ఒకటే. చోటు మాత్రం మారినది. ఆ కార్డు పోతే అంతా పోయినట్లే. ప్రతి తీసినప్పుడు వస్తువులు రెండు. పోగొట్టుకోరానిది ఏదైనా ఉంటే దాని ప్రతి ఒకటి ఫోనులో, ఒకటి కార్డులో, మరొకటి పాఠశాల కంప్యూటరులోనో ఇంటర్నెట్ నిల్వలోనో ఉండడం క్షేమం.

మన తాళపత్ర గ్రంథాలు వందల సంవత్సరాలు నిలిచినవంటే, ఆకు గట్టిదనం ఒక్కటే దానికి కారణమనుకోరాదు. ఆకును పురుగు తినేది, తేమ తినేది, నిప్పు తినేది. అది శిథిలం కాకముందే ఎవరో ఒకరు కూర్చుండి మరొక కట్టమీద ప్రతి వ్రాసినందువల్ల గ్రంథం బ్రతికినది. ఎలక్ట్రానుల గదిలో దాచిన అక్షరానికి కూడా అదే నియమం వర్తిస్తుంది. పదవ తరగతి విద్యార్థి ఈ సాయంత్రం తన నోట్సు ఫోటోలకు మరొక ప్రతి తీసి పెట్టుకున్నట్లయితే, మెమరీ కార్డును సరిగా వాడడం నేర్చుకున్నట్లే.